డక్టులో దుమ్ము ఎవరిది?

ఇల్లు ఓనరుది. సామాను అద్దెకున్నవాడిది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. మరి ఆ రెంటికీ మధ్యన, ఫాల్స్ సీలింగు పైన, రేకు గొట్టంలో పేరుకుపోయిన దుమ్ము ఎవరిది?

నవ్వకండి. వెలిమెల, కొల్లూరు, తెల్లాపూర్ వైపు విల్లాల్లో అద్దెకున్న వాళ్ళని ఎవరినైనా ఒకసారి కదిపి చూడండి. ఇల్లు ఖాళీ చేసేరోజు డిపాజిట్ లెక్కలో పెయింటింగు కింద ఒక లైను, దాని కింద "ఏసీ డక్ట్ క్లీనింగ్" అని ఇంకో లైను. మా టీములో ఒకతను రెండేళ్ళు ఉండి ఖాళీ చేస్తే ఇదే జరిగింది. "నువ్వు పీల్చిన గాలి, నువ్వు పెంచిన దుమ్ము" అని ఓనరు వాదన. "నేను వచ్చేటప్పటికే అందులో ఏముందో ఎవరు చూశారు?" అని ఇతని వాదన. ఇద్దరూ అగ్రిమెంటు తీసి చదివారు. పదకొండు నెలల అగ్రిమెంటు, అయిదు పేజీలు. పెంపుడు కుక్క గురించి ఉంది, గోడకి మేకులు కొట్టడం గురించి ఉంది, డక్టు గురించి ఒక్క ముక్క లేదు.

ఎందుకు లేదు అని వెతుక్కుంటూ పోతే విషయం 1843 దాకా వెళ్ళింది. అదే ఇక్కడ చెప్పబోయేది. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

ముందు డక్టంటే ఏంటో రెండు ముక్కల్లో. గోడకి తగిలించే స్ప్లిట్ ఏసీలో గాలి అక్కడికక్కడే తిరుగుతుంది, గొట్టాలతో పని లేదు. విల్లాల్లో పెట్టే డక్టబుల్ యూనిట్ అలా కాదు. మిషను ఎక్కడో బాత్రూం సీలింగు పైనో, కారిడార్ పైనో దాక్కుని ఉంటుంది. అక్కడినుంచి జీఐ రేకు గొట్టాల్లో చల్లగాలి గదులకి వెళ్తుంది, వెచ్చబడ్డ గాలి తిరిగి మిషనుకి వస్తుంది. మనకి కనిపించేది సీలింగులో జాలీ ఒక్కటే. దాని వెనక ఫిల్టరు, కాయిలు, నీళ్ళు కారే ట్రే, ఆ తర్వాత గొట్టాలు. ఫిల్టరు మనం తీసి కడుక్కోవచ్చు. మిగతావి చూడాలంటే సీలింగులో తలుపు ఉండాలి, లేదంటే సీలింగు కొయ్యాలి. శుభ్రం చెయ్యాలంటే తిరిగే బ్రష్షు, దుమ్ముని బయటికి లాగే పెద్ద వాక్యూమ్ మిషను, ఇద్దరు మనుషులు, వాళ్ళకి మంచి మాస్కులు. మూల చీపురుతో అయ్యే పని కాదు.

సరే, ఇక చరిత్ర.

మన దగ్గర ఇంటి మరమ్మత్తు అంటే ఏడాదికోసారి వచ్చే పని. వానలకి ముందు తాటాకు కప్పించడం, పెంకులు సర్దించడం, పండక్కి సున్నం వెయ్యడం, ఎండాకాలం బావిలో పూడిక తీయించడం. ఇల్లు పరాయివాళ్ళకిచ్చినా కప్పు సంగతి ఇంటివాళ్ళు చూసుకునేవారు, అలుకూ ముగ్గూ ఉన్నవాళ్ళు చూసుకునేవారు. దీనికి చట్టం ఏమీ అక్కర్లేకపోయింది. కారణం సులువు. కప్పు కారితే అందరికీ కనిపిస్తుంది. వాకిలి ఊడవకపోతే అందరికీ కనిపిస్తుంది. కనిపించేదానికి బాధ్యత పంచుకోవడం తేలిక.

చల్లదనం సంగతీ అంతే. వేసవిలో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. తడిక పాడైతే పారేసి కొత్తది కట్టుకోవడమే. ఇంటికీ తడికకీ సంబంధం ఒక తాడుముక్క. తాడు విప్పితే సంబంధం తెగిపోయింది. ఈ తాడుముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు 1843లోకి. ఇంగ్లండులో బ్రైటన్ అనే సముద్రతీరపు ఊళ్ళో మారబుల్ అనే దొర కుటుంబం సామానుతో సహా ఒక ఇల్లు వారానికి ఎనిమిది గినీల అద్దెకి తీసుకుంది. దిగాక చూస్తే ఇంటినిండా నల్లులు. కుటుంబం కొద్ది రోజుల్లోనే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఓనరు స్మిత్ మిగిలిన అద్దె కోసం దావా వేశాడు. కోర్టు అద్దెకున్నవాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. సామానుతో సహా అద్దెకిచ్చిన ఇల్లు కాపురానికి పనికొచ్చేలా ఉండాలి, ఆ మాట కాగితం మీద లేకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే అంది. స్మిత్ వర్సెస్ మారబుల్ అంటే లా చదివినవాళ్ళకి ఇప్పటికీ తెలుసు. అయితే మరుసటేడే, 1844లో, ఇంకో కేసులో అదే కోర్టు దీనికి హద్దు గీసింది. ఇది సామానున్న ఇళ్ళకే, ఖాళీ ఇల్లు తీసుకున్నవాడు కళ్ళు తెరిచి చూసుకుని తీసుకోవాలి అంది.

అంటే ఇంగ్లీషు చట్టం దృష్టిలో ఇల్లంటే నేలా, నాలుగు గోడలూ. చూసుకున్నావు, తీసుకున్నావు, తర్వాత నీ తిప్పలు నీవి. పొలం కౌలుకి తీసుకున్నట్టే ఇల్లూ. ఆ ఆలోచనే ఓడెక్కి మన దేశానికి వచ్చి 1882లో ఆస్తి బదిలీ చట్టం అయింది. దాంట్లో 108వ సెక్షను ఓనరుకీ అద్దెదారుడికీ మధ్య ఎవరికి ఏ హక్కు, ఏ బాధ్యత అని చెప్తుంది. బ్రిటిష్ ఇండియా కోసం రాసిన చట్టం అది. అప్పటికి నిజాం రాజ్యంలో ఉన్న మన పటాన్‌చెరు వైపుకి దాంతో పని లేదు. ఇవాళ మాత్రం మన అద్దె ఇళ్ళ వెనక నిలబడి ఉన్నది అదే.

ఈ సెక్షనుని ఒక ఏపీఐ స్పెసిఫికేషన్ చదివినట్టు చదివితే సరదాగా ఉంటుంది. (మన వృత్తి జబ్బు.) ఓనరు మీద పెట్టిన బాధ్యతలు మూడే మూడు. ఒకటి, తనకి తెలిసి, అద్దెదారుడు మామూలుగా చూస్తే కనిపెట్టలేని పెద్ద లోపం ఏదైనా ఉంటే ముందే చెప్పాలి. రెండు, ఇల్లు స్వాధీనం చెయ్యాలి. మూడు, అద్దె కడుతున్నంత కాలం ప్రశాంతంగా ఉండనివ్వాలి. అంతే. "మరమ్మత్తు చేయించాలి" అన్న మాట ఓనరు జాబితాలో లేదు! అద్దెదారుడి మీద మాత్రం ఏడు బాధ్యతలు. వాటిలో మనకి కావాల్సింది ఒకటి. ఇల్లు ఏ స్థితిలో చేతికొచ్చిందో అదే స్థితిలో తిరిగి అప్పగించాలి, సహజమైన అరుగుదల, మన చేతుల్లో లేని ఉపద్రవాలు తప్ప.

ఇంకో క్లాజులో తమాషా ఉంది. ఓనరు తను "చెయ్యాల్సిన" మరమ్మత్తు నోటీసిచ్చినా చెయ్యకపోతే అద్దెదారుడు తనే చేయించుకుని, ఖర్చు వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు అంటుంది. బాగుంది. కానీ ఓనరు చెయ్యాల్సిన మరమ్మత్తులేవో ఆ చట్టం ఎక్కడా చెప్పదు. లేని ఫంక్షనుని కాల్ చేసినట్టుంది కదూ. ఆ ఖాళీని నింపాల్సింది మన అగ్రిమెంటు, లేదా స్థానిక ఆచారం. సెక్షను మొదట్లోనే ఆ మాట ఉంది: వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడే ఈ నియమాలు.

తాటాకుకీ సున్నానికీ ఆచారం ఉంది. డక్టుకి ఆచారం ఎక్కడినుంచి వస్తుంది?

హైదరాబాద్ వైపు వద్దాం. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచేసింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించడం దాని పని. ఇంట్లోకి వచ్చే గాలిని ఒక ప్రభుత్వ సంస్థ తన బాధ్యతగా తీసుకోవడం మన ఊళ్ళో ఇక్కడ కనిపిస్తుంది. అయితే అది కట్టేటప్పటి బాధ్యత, కట్టాక ఎవరు చూసుకోవాలన్నది కాదు.

యుద్ధాలొచ్చాయి, జనం పట్టణాలకి వచ్చారు, అద్దెలు పెరిగాయి. దేశమంతా అద్దె నియంత్రణ చట్టాలు వచ్చాయి. హైదరాబాద్ రాష్ట్రానికి 1954లో ఒకటి వచ్చింది. ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు వాళ్ళ 1949 చట్టం ఉండేది. రెండూ కలిపి ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం చేశారు. దాని ధ్యాసంతా రెండింటి మీదే, అద్దె పెంచకుండా చూడటం, ఊరికే ఖాళీ చేయించకుండా చూడటం. అయినా అందులో అద్దెదారుడికి కొంత రక్షణ ఉంది. నీళ్ళు, కరెంటు లాంటి సౌకర్యాలు ఓనరు ఆపేస్తే వెళ్ళి అడగడానికి రెంట్ కంట్రోలర్ అని ఒక ఆఫీసరు ఉన్నాడు.

మరి వెలిమెల విల్లాలో ఉన్న మనకి ఆ రక్షణ ఉందా? ఇక్కడే అసలు కథ. ఆ చట్టంలో మొదట 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన బిల్డింగులన్నిటికీ మినహాయింపు ఉండేది. కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళని ప్రోత్సహించాలని. పాతికేళ్ళు గడిచినా ఆ మినహాయింపు అలాగే ఉండిపోయింది. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పాతికేళ్ళ కిందటి బిల్డింగుని ఇంకా కొత్తది అనడం ఏంటి, ఇది సమానత్వానికి విరుద్ధం అని. వెంటనే అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం జీవో ఇచ్చింది. కట్టి పదేళ్ళు దాటనివాటికీ, నెల అద్దె 1000 రూపాయలు దాటినవాటికీ మినహాయింపు. 2005లో చట్టాన్నే సవరించి పదేళ్ళని 15 చేశారు, అద్దె పరిమితిని కార్పొరేషన్లలో 3500, మిగతా చోట్ల 2000 చేశారు.

3500! ఇవాళ ఆ డబ్బుకి హాస్టల్లో మంచం కూడా రాదు. అంటే ఐటీ ఉద్యోగి అద్దెకుండే ఫ్లాటూ విల్లా దాదాపు ఏదీ రెంట్ కంట్రోలర్ దగ్గరికి పోదు. తిరిగి తిరిగి 1882 దగ్గరికే వస్తాం, సివిల్ కోర్టుకే పోతాం. ఇరవై వేల డిపాజిట్ కోత కోసం సివిల్ కోర్టుకి పోయేదెవరు? ఓనర్లకి ఆ సంగతి తెలుసు. అద్దెదారులకీ తెలుసు. అందుకే గొడవ ఎప్పుడూ వాట్సాప్‌లో మొదలై వాట్సాప్‌లోనే ముగుస్తుంది.

ఇప్పుడు ఇందాకటి తాడుముక్క సంగతి.

ఆస్తి బదిలీ చట్టం ఇంకో మాట అంటుంది. అద్దెదారుడు తను బిగించుకున్న వస్తువుల్ని ఇల్లు వదిలేలోపు తీసుకుపోవచ్చు, ఇంటిని ముందున్న స్థితిలో అప్పగిస్తే చాలు. కాబట్టి ప్రశ్న ఎప్పుడూ ఇదే: వస్తువు ఇంటితో పుట్టిందా, మనిషితో వచ్చిందా? మన చల్లదనం చరిత్ర మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నడిచింది. వట్టివేళ్ళ తడిక మనిషితో వచ్చింది. ఆ తర్వాత కూలరు. తెలంగాణ ఎండ పొడి ఎండ కాబట్టి కూలరు ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది, చుట్టూ పారిశ్రామికవాడలు పెరిగాయి, ఉద్యోగులు దిగారు. క్వార్టరయినా అద్దె గదయినా కూలరు ఎవరిది వాళ్ళదే. గడ్డి మార్చుకునేది వాళ్ళే, ట్యాంకు కడుక్కునేది వాళ్ళే, బదిలీ అయితే లారీ ఎక్కించేదీ వాళ్ళే. గొడవ లేదు.

తర్వాత కిటికీ ఏసీ. అదీ మనిషితోనే. కిటికీ అద్దం ఒకటి తీస్తే చాలు. తర్వాత స్ప్లిట్. గోడకి చిల్లు పడింది, చిన్న గొడవ మొదలయ్యింది. "చిల్లు పూడ్చి వెళ్ళు" అనేవాళ్ళు. ఫర్వాలేదు, కాస్త సిమెంటుతో పోయింది. డక్టు వచ్చేసరికి తాడు పూర్తిగా తెగిపోలేదు సరికదా, ఇంటి పేగుల్లో కలిసిపోయింది. డక్టుని లారీ ఎక్కించుకుపోయే అద్దెదారుడు లేడు. అది ఇంటితో పుట్టింది, ఇంటితోనే ఉంటుంది, దాని విలువ ఓనరు అద్దెలో వసూలు చేసుకుంటాడు. కానీ శుభ్రం చెయ్యాల్సి వచ్చేసరికి మాత్రం దాన్ని కూలరు లెక్కన చూస్తున్నాం. పేచీకి అసలు మూలం నాకు ఇక్కడే కనిపించింది. వస్తువు మారింది, అలవాటు మారలేదు.

అన్నట్టు, ఈ డక్టు ఇళ్ళ కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తేమకి కాగితం ఉబ్బి రంగులు పక్కకి జరిగిపోతుంటే, విల్లిస్ కారియర్ అనే పాతికేళ్ళ ఇంజనీరు గాలిలో తేమని అదుపులో పెట్టే డిజైను గీశాడు. మనుషుల సుఖం కోసం కాదు, కాగితం కోసం. తర్వాత బట్టల మిల్లులు, ఆ తర్వాత సినిమాహాళ్ళు. ఫ్యాక్టరీలో పుట్టింది కాబట్టి ఫ్యాక్టరీలో దాని బాధ్యత ఎవరిదన్న సందేహం ఎప్పుడూ రాలేదు.

వెలిమెల నుంచి కొద్ది దూరంలోనే, పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీలున్నాయి. ఔషధాల నిబంధనల్లో షెడ్యూల్ ఎమ్ అని ఒకటుంది, కేంద్రం 2023 డిసెంబరులో దాన్ని కొత్తగా సవరించింది కూడా. దాని ప్రకారం మందు తయారయ్యే గదిలోకి వచ్చే గాలికి కూడా లెక్క ఉంటుంది. ఫిల్టరు ఎప్పుడు మార్చారు, ఎవరు చూశారు, ఎవరు సంతకం పెట్టారు. సంతకం లేకపోతే ఇన్‌స్పెక్షన్లో దొరికిపోతారు. అదే ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన మనిషి ఇంటికొచ్చి పీల్చే గాలికి ఏ రిజిస్టరూ లేదు, ఏ సంతకమూ లేదు. మాత్రకున్న రక్షణ మనిషికి లేదన్నమాట.

ఆఫీసుల్లో మధ్యస్థం. 1998 నవంబరులో వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పటి నుంచీ హైదరాబాదులో ఆఫీసు స్థలం అద్దెకివ్వడం ఒక పెద్ద వ్యాపారం. ఆ లీజులు చూస్తే ముచ్చటేస్తుంది. చిల్లర్లు, కూలింగ్ టవర్లు "హై సైడ్", సాధారణంగా బిల్డింగు వాళ్ళవి. మన ఫ్లోరులోని గాలి యంత్రాలు, డక్టులు "లో సైడ్", వార్మ్ షెల్ తీసుకుంటే కంపెనీవి. ఎక్కడ గీత ఉందో, ఏ వాల్వు దగ్గర ఎవరి బాధ్యత మొదలవుతుందో అనుబంధంలో రాస్తారు. మెయింటెనెన్స్ చార్జీల్లో ఏవి వస్తాయో రాస్తారు. రెండు వైపులా లాయర్లుంటారు కాబట్టి గీత పడింది. మన ఇంటి అగ్రిమెంటుకి లాయరు లేడు, జిరాక్సు షాపులో దొరికే ఫార్మాటు ఉంది.

ఇంతకీ ఈ దుమ్ముతో నిజంగా ప్రమాదం ఉందా? ఇక్కడ కాస్త నెమ్మదిగా మాట్లాడాలి. భయపెట్టి అమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు.

1976 జులైలో అమెరికాలో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సమావేశం జరిగింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి వరసగా న్యుమోనియా, సుమారు 30 మంది చనిపోయారు. ఆరు నెలల తర్వాత, 1977 జనవరిలో, కారణమైన బ్యాక్టీరియా దొరికింది. దాన్నే లీజియోనెల్లా అంటారు. పెద్ద ఏసీ వ్యవస్థల్లో నిలవ ఉండే నీళ్ళలో అది పెరుగుతుంది. ఆ దెబ్బతో ప్రపంచమంతా ఏసీ శుభ్రత మీద దృష్టి పెట్టింది. కానీ గమనించండి, అక్కడ విలన్ నీళ్ళు, దుమ్ము కాదు. మన విల్లా ఏసీలకి కూలింగ్ టవరు ఉండదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇళ్ళ డక్టుల గురించి చెప్పేది ఇంకా ఆసక్తికరం. డక్టు శుభ్రం చేస్తే జబ్బులు రాకుండా ఆగుతాయని రుజువు కాలేదు, ఏడాదికోసారి అలవాటుగా చేయించక్కర్లేదు, లోపల బూజు కనిపించినా, ఎలకలో పురుగులో చేరినా, దుమ్ము పట్టి గదిలోకి రాలుతున్నా అప్పుడు చేయించండి అంటుంది. మన దగ్గర 2020 ఏప్రిల్లో కోవిడ్ మొదట్లో ఏసీ ఇంజనీర్ల సంఘం ఇష్రే సూచనలిచ్చింది. ఉష్ణోగ్రత 24 నుంచి 30 మధ్య, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉంచమని, బయటి గాలి రానివ్వమని. దాంతో మొదటిసారి మనలో చాలామంది తలెత్తి ఆ జాలీ వైపు చూశాం.

కాబట్టి నా మట్టుకు నాకు తేలిందేంటంటే, ఎక్కువ జాగ్రత్త పడాల్సింది గొట్టాల గురించి కాదు, కాయిలూ ట్రే గురించి. తడి ఉన్నచోటే బూజు. ఫిల్టరు వేళకి కడిగితే గొట్టంలోకి పోయే దుమ్మే తగ్గిపోతుంది. "ఏటా డక్ట్ క్లీనింగ్" అని డిపాజిట్ కోసే ఓనరు వాదనలో పస తక్కువ. అలాగే "నాకేం సంబంధం" అని రెండేళ్ళు ఫిల్టరు ముట్టుకోని అద్దెదారుడి వాదనలోనూ పస తక్కువే.

ఇక బయటి దుమ్ము. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్రంగా కలుషితమైన 43 పారిశ్రామిక ప్రాంతాల జాబితా ఇస్తే అందులో పటాన్‌చెరు-బొల్లారం ఉంది. దానికి తోడు ఔటర్ రింగు పక్కన ఎటు చూసినా కడుతున్న బిల్డింగులే. ఇలాంటి చోట డక్టులోకి చేరే దుమ్ములో ఓనరు వాటా ఎంత, అద్దెదారుడి వాటా ఎంత, పక్క ప్లాటులో మట్టి తవ్వుతున్న టిప్పరు వాటా ఎంత? "నువ్వు పెంచిన దుమ్ము" అనడం ఇక్కడ అసలు అతకదు.

అమెరికాలో ఉండి వచ్చినవాళ్ళు "అక్కడైతే అపార్ట్‌మెంట్ వాళ్ళే వచ్చి ఫిల్టరు మార్చిపోతారు" అంటుంటారు. అది మంచితనం కాదు, చట్టం. అక్కడ కూడా మొదట్లో ఇంగ్లండు పద్ధతే. 1970లో వాషింగ్టన్‌లో జావిన్స్ కేసులో కోర్టు దాన్ని తిరగేసింది. పట్నంలో ఇల్లు అద్దెకి తీసుకునేవాడికి కావాల్సింది నేల కాదు, వెలుతురు, వేడి, నీళ్ళు, పనిచేసే తలుపులు, అన్నీ కలిసిన ఒక సేవ అంది. 1972లో రాష్ట్రాల కోసం తయారు చేసిన నమూనా అద్దె చట్టంలో ఓనరు తను ఇచ్చిన ఏసీ, వెంటిలేషన్ సౌకర్యాలని పనిచేసే స్థితిలో ఉంచాలని రాశారు. ఆరిజోనా లాంటి ఎండ రాష్ట్రాలు దాన్ని చట్టంగా చేసుకున్నాయి. అద్దెదారుడి వంతు వాటిని సవ్యంగా వాడటం.

మన నమూనా చట్టం 2021లో వచ్చింది. జూన్ 2న కేంద్ర కేబినెట్ ఆమోదించింది. నివాసానికి డిపాజిట్ రెండు నెలలకి మించకూడదు అంది. ఎవరి మరమ్మత్తు ఎవరిదో జాబితా కూడా ఇచ్చింది. ఓనరుకి నాలుగు: బిల్డింగు మరమ్మత్తులు, సున్నాలూ రంగులూ, నీళ్ళ పైపులు, కరెంటు వైరింగు. అద్దెదారుడికి పొడుగాటి జాబితా: కుళాయి వాషర్లు, డ్రైన్లు శుభ్రం చెయ్యడం, గీజరు, స్విచ్చులు, దోమతెరల జాలీలు, కిటికీ అద్దాలు, తాళాలు, తోట. బాత్‌టబ్ కూడా ఉంది! ఏసీ అన్న మాట లేదు. "కరెంటు పరికరాల మరమ్మత్తు" అద్దెదారుడి జాబితాలో ఉంది కాబట్టి ఏసీ మిషను అందులోకి వస్తుందని ఓనరు అనొచ్చు, డక్టు బిల్డింగులో భాగమని అద్దెదారుడు అనొచ్చు. 1882 నుంచి 2021కి వచ్చినా మన దుమ్ము మళ్ళీ గీత మీదే పడింది.

పైగా అద్దె విషయం రాష్ట్రాలది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం ఈ దారిలో చట్టాలు మార్చుకున్నాయని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఆ నలుగురిలో తెలంగాణ లేదు. ఇంకో విచిత్రం చూడండి. నమూనా చట్టం రంగుల ఖర్చు ఓనరుది అంటుంటే, మన అగ్రిమెంట్లలో "పెయింటింగుకి ఒక నెల అద్దె కోత" అని ఉంటోంది. పండక్కి సున్నం వేయించిన ఇంటివాళ్ళ ఆచారం ఎప్పుడో మెల్లగా తిరగబడింది, మనం సంతకాలు పెట్టి తిరగబెట్టాం. డక్టు క్లీనింగు లైను కూడా ఇప్పుడు అదే దారిలో ఆచారమైపోతోంది. నా బాధంతా అదే. చట్టం మౌనంగా ఉన్నచోట ఆచారం మాట్లాడుతుంది. డిపాజిట్ ఎవరి చేతిలో ఉంటే ఆచారం వాళ్ళు రాస్తారు.

సరే, గీత ఎక్కడ గియ్యాలి? చరిత్ర అంతా తిరిగొచ్చాక నాకు న్యాయమనిపించింది ఇది.

చేత్తో తీసి కడగగలిగింది అద్దెదారుడిది. అంటే జాలీ, ఫిల్టరు. రెండుమూడు వారాలకోసారి కడుక్కోవడం ఇల్లు ఊడ్చుకోవడం లాంటిదే.

సీలింగు తెరిస్తే తప్ప చెయ్యలేనిది ఓనరుది. డక్టు, కాయిలు, ట్రే. అది ఇంటితో పుట్టింది. రెండేళ్ళు గాలి ఆడినందుకు లోపల పట్టే పలచటి దుమ్ము 1882 చట్టం చెప్పిన "సహజమైన అరుగుదల" కిందకే రావాలి.

అద్దెదారుడి నిర్లక్ష్యం వల్ల పాడైతే ఖర్చు అతనిదే. ఫిల్టరు తీసేసి నడిపాడు, నీళ్ళు కారుతున్నా చెప్పలేదు, ఇలాంటివి. కానీ ఆ చట్టమే అంటుంది, లోపం చూస్తే ఓనరు నోటీసివ్వాలి, అద్దెదారుడికి సరిచెయ్యడానికి మూడు నెలల సమయం ఉంటుంది అని. ఆఖరి రోజు తాళాలు తీసుకుంటూ డిపాజిట్లోంచి కోసెయ్యడం ఆ స్ఫూర్తికి దూరం.

కొత్త ఇంటి డక్టులో సిమెంటు దుమ్ము, ప్లైవుడ్ పొట్టు ఉంటే అది ఇద్దరిదీ కాదు, బిల్డరుది. 2016 రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన అయిదేళ్ళలోపు పనితనంలో లోపం చూపిస్తే ప్రమోటరు 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచెయ్యాలి. అడగాల్సింది ఓనరు. అద్దెదారుడి డిపాజిట్ కొయ్యడం తేలిక కాబట్టి బిల్డర్ని అడగడం మానేస్తున్నారు, అంతే.

"అంత అద్దె పోసి విల్లాలో ఉండేవాళ్ళ గోల మాకెందుకు" అంటారేమో. నిజమే, ఇదే రామచంద్రాపురం మండలంలో కొల్లూరులో 2023 జూన్‌లో 15,660 డబుల్ బెడ్రూమ్ ఇళ్ళు ప్రారంభించారు, అక్కడ ఎవరికీ డక్టు గొడవ లేదు. వాళ్ళ గొడవలు వేరే. కానీ 1843లో వారానికి ఎనిమిది గినీలు పోసినవాళ్ళు కూడా ఉన్నవాళ్ళే. వాళ్ళు నల్లుల గురించి గొడవపడితేనే సామాన్యుడికీ పనికొచ్చే ఒక సూత్రం పుట్టింది. గీత ఒకచోట పడితే దాని పక్కన ఇంకోటి గియ్యడం తేలిక.

ఆచారం గట్టిపడకముందే మనం రాసేద్దాం. వచ్చేసారి అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు నాలుగు వాక్యాలు చేర్పించండి: డక్టూ కాయిలూ చివరిసారి ఏ తేదీన శుభ్రం చేశారు, దిగేరోజు లోపలి ఫోటోలు ఇద్దరి దగ్గరా ఉంటాయి, ఫిల్టరు అద్దెదారుడు, మిగతాది ఓనరు, బిల్లు, కారణం చూపించకుండా డిపాజిట్లో కోత లేదు. ఓనరు కాదంటే కారణం అడగండి. మీరే ఓనరైతే (మనలో చాలామంది ఒకచోట అద్దెకుంటూ ఇంకోచోట ఓనర్లమే కదా) మీరే చేర్చండి.

సీలింగు తలుపు తీసి, సెల్‌ఫోన్ లైటు వేసి లోపల ఒక ఫోటో తియ్యడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఫోటో తీసేటప్పుడు కింద స్టూలు ఎవరైనా పట్టుకోండి.